వేలి కొస తెగితే, నలిగితే, చీము పడితే ఏం చెయ్యాలి

కత్తిపీట మీద కూర తరిగేటప్పుడైనా, కొడవలితో వరి కోసేటప్పుడైనా ముందు తెగేది వేలి కొసే. పలాస, కాశీబుగ్గల్లో జీడి పిక్కలు కొట్టే చోట, కవిటి వైపు కొబ్బరికాయలు వలిచే గునపం దగ్గర, నెల్లిమర్ల జనపనార మిల్లు లాంటి చోట్ల మిషన్ల పక్కన, ఇంట్లో గుంటలు (పిల్లలు) ఆడుకునే తలుపు సందులో కూడా ఇదే జరుగుతుంది. "ఏటవుద్దిలే" అని ఓ గుడ్డపేలిక చుట్టేసి మళ్ళీ పనిలోకి దిగిపోతాం.

ఈ దెబ్బల్లో చాలా వరకు నిజంగానే ఏమీ కాదు. శుభ్రంగా ఉంచి, ఎండిపోకుండా కప్పి ఉంచితే వాటంతట అవే మానతాయి. వేలు వంకరపోవడానికో, మొద్దుబారిపోవడానికో కారణాలు రెండే. మానాల్సిన గాయం మీద ఏదో ఒకటి పూసి చెడగొట్టుకోవడం ఒకటి. ఆ రోజే డాక్టరు చూడాల్సిన గాయాన్ని వారం దాకా నానబెట్టడం రెండోది. ఏ గాయం ఎటువంటిదో పోల్చుకోవడం రాకే ఈ రెండూ జరుగుతున్నాయి.

మొదటి పావుగంట

ముందు ఉంగరం తీసెయ్యండి. నెత్తురు కారుతున్నా సరే, అది మొదటి పని. వేలు అరగంటలో వాచిపోతుంది, ఆ తర్వాత ఉంగరం రాదు, కిందికి నెత్తురు అందదు. బిగుసుకుంటే సబ్బు నురగో, కొబ్బరి నూనో రాసి, చెయ్యి పైకెత్తి, తిప్పుతూ లాగాలి. ఎంతకీ రాకపోతే ఆసుపత్రిలో కత్తిరిస్తారు. బంగారం పోతుందని చూడకండి.

తర్వాత ఉతికిన నూలు గుడ్డ గానీ గాజు గుడ్డ (గాయాలకి కట్టే పల్చటి బట్ట, ఇక్కడ గాజు అంటే ఇదే) గానీ గాయం మీద పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. గడియారం చూసుకుని 10 నిమిషాలు నొక్కాలి. ఆగిందో లేదో అని మధ్యమధ్యలో ఎత్తి చూస్తే అప్పుడే గడ్డకడుతున్న నెత్తురు ఊడొస్తుంది, పని మొదటికొస్తుంది. గుడ్డ తడిసిపోతే దాన్ని తియ్యకుండా పైన ఇంకొకటి వేసి మరో 10 నిమిషాలు నొక్కండి. అప్పటికీ ఆగకపోయినా, వేలి పక్క నుంచి చిమ్ముతూ వస్తున్నా ధమని తెగినట్టే. స్పర్శ తెలిపే నరం ఆ ధమని పక్కనే ఉంటుంది కాబట్టి అదీ తెగి ఉండొచ్చు. నొక్కిపెట్టే ఆసుపత్రికి వెళ్ళాలి.

రబ్బరు బ్యాండు గానీ దారం గానీ వేలి మొదట్లో కట్టకండి. నెత్తురు వెంటనే ఆగుతుంది, నిజమే. కానీ పైన గుడ్డ చుట్టాక కింద బ్యాండు ఉందన్న సంగతి మరిచిపోతారు. గంటల తరబడి అలాగే ఉండిపోతే బతకాల్సిన వేలు కూడా నల్లబడి పోతుంది.

నెత్తురు ఆగాక కడగాలి. కుళాయి కింద ధారగా, 5 నిమిషాలకు తక్కువ కాకుండా. చుట్టూ చర్మానికి మామూలు సబ్బు చాలు. మట్టి, పేడ, ఎరువు అంటిన చేతికైతే 10 నిమిషాలు పడుతుంది. డెట్టాల్ నీళ్ళు కలపకుండా పోసినా, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసినా క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలు కూడా చస్తాయి. బెటాడిన్ ఉంటే గాయం అంచుల చుట్టూ రాస్తే చాలు. పసుపు, కాఫీ పొడి, సున్నం, టూత్‌పేస్టు, కిరసనాయిలు, బూడిద ఏవీ వద్దు. పొడి ఏదైనా గాయంలో ఇరుక్కుంటే తర్వాత డాక్టరు గీకి తియ్యాల్సి వస్తుంది. ఆ బాధ తెగినప్పటి బాధ కన్నా ఎక్కువ. పైగా వేలి రంగు తెలియకుండా పోతుంది. రంగు చూసే కదా లోపల నెత్తురు ఆడుతోందో లేదో చెప్పేది!

ఇంట్లో ఉండొచ్చా, వెళ్ళాలా

గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. కళ్ళు మూసుకుని ఉండగా ఇంకొకరు పుల్లతో వేలి కొసకి రెండు పక్కలా తాకి చూడాలి. రెండు వైపులా ఒకేలా తెలియాలి. తర్వాత చివరి కణుపు ఒక్కటే వంచి, చాచి చూడండి. మిగతా కణుపుల్ని రెండో చేత్తో పట్టుకుంటేనే ఇది తేలుతుంది, లేకపోతే వేలంతా కదిలి మోసపోతాం. తర్వాత గాయం లోపల తెల్లగా, గట్టిగా ఎముక కనబడుతోందా, గోరు మొదలు పైకి లేచిందా చూడండి. ఎముక కనబడినా, గోరు లేచినా, పైవాటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఈ పరీక్షలన్నీ మత్తు ఇంజెక్షన్ పడక ముందే జరగాలి. ఒకసారి వేలు మొద్దుబారాక నరం తెగిందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆసుపత్రిలో "ఈ పక్క తెలియడం లేదండీ" అని ముందే చెప్పండి.

చెక్క తెగిపోయిన వేలు

కత్తిపీటకి ఎక్కువగా జరిగేది ఇదే. వేలి మెత్త మీద ఒక చెక్కలా చర్మం ఎగిరిపోతుంది, కింద ఎర్రగా గుంట కనబడుతుంది. ఆ గుంట ఒక సెంటీమీటరు లోపుంటే, ఎముక కనబడకపోతే, కుట్లు గానీ చర్మం అతికించడం గానీ అక్కర్లేదు. అంచుల నుంచి చర్మం మెల్లగా లోపలికి పాకుతుంది. 3 నుంచి 6 వారాలు పడుతుంది. అలా మానిన కొసకి స్పర్శ కూడా బాగా వస్తుంది. వేరే చోట నుంచి తెచ్చి అతికించిన చర్మానికి సాధారణంగా అంత రాదు. ఓపిక పట్టడమే ఇక్కడ వైద్యం.

కట్టు ఇలా కట్టాలి. గాయం మీద పారాఫిన్ గాజు గుడ్డ ముక్క వెయ్యండి. మందుల షాపులో చిన్న పాకెట్లలో దొరుకుతుంది. లేకపోతే శుభ్రమైన గాజుకి వేజలీన్ దట్టంగా పట్టించండి. దాని మీద నాలుగు మడతల పొడి గాజు, ఆ పైన గాజు చుట్ట. చుట్ట కొస దగ్గర మొదలై కింది కణుపు దాకా ఏటవాలుగా రావాలి. ఒకే చోట గుండ్రంగా చుట్టుకుంటూ పోతే ఉరిలా బిగుస్తుంది. టేపు కూడా వేలి చుట్టూ పూర్తిగా తిప్పకుండా నిలువుగా అంటించండి. కట్టాక కొస కొద్దిగా కనబడేలా ఉంచితే రంగు చూసుకోవచ్చు. కొస నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, దడదడలాడినా కట్టు విప్పి వదులుగా మళ్ళీ కట్టాలి.

మొదటి కట్టు 48 గంటలు కదపకండి, నెత్తురుతో పూర్తిగా తడిస్తే తప్ప. ఆ తర్వాత రోజు విడిచి రోజు మార్చాలి. అంటుకుపోయిన గాజుని లాగితే అప్పటి దాకా పాకిన చర్మం దాంతోనే వచ్చేస్తుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఒకటిన్నర టీ చెంచా ఉప్పు కలిపి, ఆ నీళ్ళలో వేలు కట్టుతో సహా పది నిమిషాలు ముంచితే అదే జారుతుంది. తీసినప్పుడు పసుపు పచ్చటి జిగట, కాస్త నీచు వాసన ఉంటే బెంబేలెత్తకండి, కప్పి ఉంచిన గాయానికి అది మామూలే. దాన్ని చూసి చీము అనుకుని గాలికి ఆరబెడితే పైన గట్టి పెచ్చు కట్టి, కింద మానడం ఆగిపోతుంది. చీము సంగతి వేరు: నొప్పి రోజురోజుకీ పెరుగుతుంది, ఎరుపు కింది కణుపు దాటి పాకుతుంది, జ్వరం వస్తుంది, మోచేతి వైపు ఎర్రటి గీత సాగుతుంది. ఆ గీత కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు.

నిలువుగా దిగిన లోతైన కోతకి కుట్లు కావాలి. ఆ రోజే వేయించుకోవాలి. వేలి కుట్లు 10 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు.

నలిగిన వేలు, గోరు కింద నెత్తురు

తలుపు సందులోనో సుత్తి దెబ్బకో నలిగితే గోరు కింద నెత్తురు చేరి నల్లగా మారుతుంది. పైన గోరు, కింద ఎముక, మధ్యలో నెత్తురుకి దారి లేదు. అందుకే అంత సలుపు. మొదటి గంటల్లో మంచు ముక్కలు గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టి, 10 నిమిషాలు తీసి, చెయ్యి ఎత్తి ఉంచుకుంటే కొంత తగ్గుతుంది. సలుపు భరించలేనంతగా ఉంటే డాక్టరు గోటికి సన్నటి బెజ్జం వేసి నెత్తురు వదిలేస్తారు. అది నిమిషం పని, ఉపశమనం అప్పటికప్పుడే ఉంటుంది. మొదటి రెండు రోజుల్లోనే దాని వల్ల లాభం, ఆ తర్వాత నెత్తురు గడ్డకడుతుంది. ఇంట్లో సూది కాల్చి గుచ్చుకోవద్దు. కింద ఎముక చిట్లి ఉంటే ఆ బెజ్జంలోంచే క్రిములు ఎముకకి చేరతాయి. నొప్పి లేని నల్ల మచ్చని అలా వదిలెయ్యండి, గోటితో పాటు పెరిగి పోతుంది.

గట్టిగా నలిగిన వేలికి ఎక్స్‌రే తీయించాలి. కొస ఎముక చిట్లితే 2, 3 వారాలు చిన్న పట్టీ వేస్తారు.

గోరు ఊడి వేలాడుతుంటే పీకెయ్యకండి, కత్తిరించకండి. పూర్తిగా ఊడిపోయినా పారెయ్యకుండా తడి గాజులో చుట్టి తీసుకెళ్ళండి. గోటి కింది పొర చిరిగితే డాక్టరు సన్నటి దారంతో కుట్టి, అదే గోటిని కడిగి మళ్ళీ దాని గూట్లో దూరుస్తారు. ఆ పొరకి అంతకన్నా మంచి కప్పు లేదు. పొర సరిగ్గా అతకకపోతే కొత్త గోరు చీలి వస్తుంది, జీవితాంతం బట్టలకి తగులుకుంటూనే ఉంటుంది.

చిన్నపిల్లల విషయంలో ఒకటి మరీ జాగ్రత్తగా చూడాలి. గోరు మొదలు చర్మం పైకి వచ్చి, చివరి కణుపు కిందికి వంగి కనబడితే అది ఒట్టి గోరు ఊడడం కాదు. ఎముక పెరిగే చోట విరిగి, గాయం లోపలి దాకా తెరుచుకుని ఉంటుంది. పైపైన కట్టు కట్టి పంపేస్తే ఎముకకి చీము పట్టి వేలు పెరగడం ఆగిపోవచ్చు. ఎక్స్‌రే పక్క నుంచి కూడా తియ్యమని అడగండి.

కొస పూర్తిగా తెగి ఊడిపోతే

ముక్కని వెతికి పట్టుకోండి, ఎంత చిన్నదైనా. మట్టి ఉంటే శుభ్రమైన నీళ్ళతో మెల్లగా కడగండి, రుద్దొద్దు. తడిపి పిండిన గాజులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి గట్టిగా కట్టండి. ఆ సంచిని మంచు, నీళ్ళు కలిసిన ఇంకో సంచిలోనో డబ్బాలోనో ఉంచండి. మంచు ముక్కకి నేరుగా తగలకూడదు. తగిలితే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది, అతకదు. చేపల మార్కెట్ దగ్గర మంచు తేలిగ్గా దొరుకుతుందని ముక్కని అందులో పూడ్చెయ్యడం అందుకే తప్పు. ఒట్టి నీళ్ళలో, పాలలో వెయ్యకూడదు.

వేలి కొసలో కండ లేదు కాబట్టి చల్లగా ఉంచితే 12 గంటల దాకా ఆశ ఉంటుంది. బయట వదిలేస్తే 6 గంటలకే ఆశ సన్నగిల్లుతుంది. అతికించే ప్లాస్టిక్ సర్జన్లు కావాలంటే ఎక్కువగా విశాఖ వెళ్ళాల్సి వస్తుంది. అక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో ఆ విభాగం ఉంది. విజయనగరం నుంచి 60 కిలోమీటర్ల దారి, శ్రీకాకుళం నుంచి 100 పైచిలుకు. ఇచ్ఛాపురం, కంచిలి వాళ్ళకి విశాఖ కన్నా బరంపురం మెడికల్ కాలేజీ బాగా దగ్గర. దగ్గర్లోని ఆసుపత్రిలో నెత్తురు ఆపించుకుని, వెళ్ళే చోటికి ముందే ఫోన్ చేయించండి. దారిలో ఏమీ తినొద్దు, టీ కూడా తాగొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. గోటి సగం కన్నా చిన్న ముక్కని అతికించకుండా వదిలేసినా, దాని చర్మమైనా పనికొస్తుంది. అది తేల్చేది సర్జనే.

కబడ్డీలో, క్రికెట్‌లో: గాయం కనబడని దెబ్బలు

బంతి వేలి కొసకి ఎదురుగా తగిలాక చివరి కణుపు వాలిపోయి, చాచినా నిలబడకపోతే, చాచే నరం తెగినట్టు. మనం నరం అంటాం గానీ అది కండని ఎముకకి కట్టే తాడు. చివరి కణుపు ఒక్కటే నిటారుగా ఉండేలా పట్టీ వేసి, 6 నుంచి 8 వారాలు రాత్రింబవళ్ళు ఉంచాలి. మధ్య కణుపు మాత్రం స్వేచ్ఛగా వంగాలి. పట్టీ మార్చేటప్పుడు వేలు బల్ల మీద ఆనించి చాచే ఉంచాలి. ఒక్కసారి కొస వాలినా లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచే. చాలామందికి వేలు వంకరగా ఉండిపోయేది ఇక్కడే: మూడో వారంలో బాగైందనుకుని పట్టీ విప్పేస్తారు.

కబడ్డీలో ఎదుటివాడి బనీను పట్టుకున్నప్పుడు, ఎక్కువగా ఉంగరం వేలికి, దీనికి తిరగబడ్డ దెబ్బ తగులుతుంది. చివరి కణుపు అసలు వంగదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, బెణికిందని నూనె రాసి తోముతారు. తెగిన తాడు అరచేతిలోకి ముడుచుకుపోతుంది. వారం, పది రోజుల్లో ఆపరేషన్ చేస్తేనే దాన్ని తిరిగి కొసకి లాగి కట్టగలరు.

జీడి రసం, చేప ముల్లు, గ్రీజు గన్

జీడి పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళు నల్లబడి, పొక్కి, పొరలుగా ఊడతాయి. అది నూనె కాబట్టి ఒట్టి నీళ్ళకి పోదు, పరుచుకుంటుంది. ముందు వంట నూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో రెండు మూడు సార్లు కడగాలి. పనికి ముందు చేతులకి ఆముదం పట్టించుకోవడం మంచి అలవాటే, కానీ గంట గంటకీ మళ్ళీ రాయాలి. గ్లౌజు చిరిగితే మార్చాలి, చిరిగిన గ్లౌజులో రసం నిలిచి ఇంకా కాలుస్తుంది.

జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే చెయ్యి ఓర్చగలిగినంత వేడి నీళ్ళలో అరగంట నుంచి గంటన్నర ముంచాలి, ఆ విషం వేడికి విరుగుతుంది. వేడి మాత్రం మంచి చేత్తోనే చూడండి. నొప్పితో ఉన్న చేతికి కాలుతున్నా తెలియదు. ముల్లు విరిగి లోపల ఉంటే డాక్టరే తియ్యాలి. వారాల తర్వాత అక్కడ బొడిపె కడితే చేప ముల్లు గుచ్చుకుందని తప్పకుండా చెప్పండి. అలా చేప నుంచి సోకే క్రిమికి మామూలు మందులు పని చెయ్యవు.

గ్రీజు గన్, పెయింట్ స్ప్రే, డీజిల్ ఇంజెక్టర్. హైవే పక్క మెకానిక్ షెడ్లలో పని చేసేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఒత్తిడితో చిమ్మింది వేలికి తగిలితే సూది మొన అంత బెజ్జం కనబడుతుంది, మొదట్లో నొప్పి కూడా ఉండదు. లోపల మాత్రం అది అరచేతి దాకా చొచ్చుకుపోయి ఉంటుంది. వేలు పోయే ప్రమాదం తెగిన గాయం కన్నా దీనికే ఎక్కువ. గంటల్లో ఆపరేషన్ కావాలి. చూడ్డానికి చిన్నదని మొహమాటపడకుండా "ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని గట్టిగా చెప్పండి.

గోరుచుట్టు

గోటి పక్కన ఎర్రబడి, వాచి, ఇంకా చీము కట్టకపోతే గోరువెచ్చటి ఉప్పు నీళ్ళలో రోజుకి నాలుగు సార్లు, 15 నిమిషాల చొప్పున ముంచితే సగానికి సగం అక్కడే తగ్గిపోతాయి. నిమ్మకాయ తొడిగితే చల్లగా అనిపిస్తుంది గానీ పచ్చి చర్మం మండుతుంది, లోపలి చీము కదలదు. పచ్చగా చీము కనబడితే డాక్టరు గోటి అంచు కాస్త ఎత్తి వదిలేస్తారు.

అదే సలుపు గోటి పక్కన కాకుండా వేలి మెత్తలో ఉంటే, మెత్త రాయిలా బిగిసి, చెయ్యి దించితే ప్రాణం పోతున్నట్టుంటే, రాత్రి నిద్ర పట్టకపోతే అది వేరే జబ్బు. మెత్త లోపల చిన్న చిన్న గదులుంటాయి. చీముకి సాగే చోటు లేక ఎముకని తినడం మొదలుపెడుతుంది. రాత్రి నిద్ర పట్టలేదంటే మర్నాడే కోయించాలి. సన్నటి నీటి పొక్కులు గుత్తిగా లేస్తే మాత్రం కోయించొద్దు, అది వైరస్, కోస్తే ముదురుతుంది. షుగరు ఉన్నవాళ్ళు ఇందులో దేనికీ ఒక రోజు కన్నా ఇంట్లో ఆగకూడదు.

సూది, మాత్ర, పొగ

ప్రతి చిన్న గీతకీ ధనుర్వాతం సూది అక్కర్లేదు. మూడు డోసులు పూర్తయిన వాళ్ళకి, శుభ్రమైన గాయమైతే చివరి సూదికి 10 ఏళ్ళు దాటితేనే. మట్టి, పేడ అంటిన గాయమైతే 5 ఏళ్ళు దాటితే. ఎప్పుడూ వేయించుకోని వాళ్ళకి మురికి గాయానికి ఇంకో సూది కూడా అదనంగా ఇస్తారు, ఆ విషయం దాచకండి. కుక్క గానీ కోతి గానీ కొరికితే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

నొప్పికి పారాసిటమాల్ 500 మాత్ర, పెద్దవాళ్ళు ఒకటి లేదా రెండు, ఆరు గంటల ఎడంతో, రోజుకి ఆరు దాటకుండా. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్ళకి మరీ చెప్పాలి: ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు, చాలామందికి అది ముదిరే దాకా బయటపడదు. షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తెచ్చుకోకండి, అవి కిడ్నీని ఇంకా దెబ్బ తీస్తాయి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా "మాది ఉద్దానం" అని మందులు రాయక ముందే చెప్పండి.

గాయం మానే దాకా చుట్ట, బీడీ మానెయ్యాలి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే అమ్మలు కూడా. పొగాకు వేలి కొసల్లోని సన్నటి నాళాల్ని ముడిచేస్తుంది. అతికించిన ముక్క నల్లబడడానికి అది ఒక్కటే చాలు.

కట్టు ఉన్నన్నాళ్ళూ మిగతా వేళ్ళు, దెబ్బ తగిలిన వేలి మధ్య కణుపు రోజుకి నాలుగైదు సార్లు పూర్తిగా వంచి చాచండి, లేకపోతే చెయ్యంతా బిగుసుకుంటుంది. చర్మం మూసుకున్నాక కొస ముట్టుకుంటే జివ్వుమంటుంది. మెత్తటి గుడ్డతో మొదలుపెట్టి, తర్వాత తువ్వాలుతో, రోజుకి మూడు సార్లు ఐదేసి నిమిషాలు రుద్దితే అది తగ్గుతూ వస్తుంది. చలికి కొస నొప్పెట్టడం కొన్ని నెలలు ఉంటుంది. గోరు నెలకి 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పూర్తిగా రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు. మొదట వచ్చే గోరు గరుకుగా, గాట్లతో ఉంటే కంగారు పడక్కర్లేదు. రెండోసారి పెరిగేది సాధారణంగా నున్నగా వస్తుంది.